ఎనిమిదొందల యువాన్ల బిళ్ళ

కున్మింగ్ స్టేషన్ ఎదుట కొన్నాను.
బంగారు అక్షరాల కాగితంలో చుట్టిన ప్యూర్ టీ బిళ్ళ,
వెయ్యేళ్ళ చెట్టుదట.
అమ్మినవాడికి పాతికేళ్ళు కూడా ఉండవు.

నూడుల్స్ వండేవాణ్ణి నేను.
ఇరవయ్యేళ్ళుగా మిరపనూనెలో కాగిన నాలుక నాది,
దానికి తేడా ఏం తెలుస్తుంది?
కానీ ముక్కు దగ్గర పెట్టుకుంటే
తడిసి ఆరని గోనెసంచి వాసన.
అందుకే మెంగ్‌హాయి బస్సెక్కాను
బిళ్ళని ఒళ్ళో పెట్టుకుని,
జ్వరమొచ్చిన పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్తున్నట్టు.

యూ కాన్ దుకాణానికి బోర్డు లేదు.
గుమ్మంలో వెదురు చేటలు, మూడు కాళ్ళ కుక్క.
ఆమె ఆ అక్షరాల వైపు చూడనైనా లేదు.
"కాగితాన్ని మరగబెట్టి తాగుతావా?" అంది.
బిళ్ళని వెలుతురుకి వంచింది:
పైన నిండైన ఆకులు, లోపలంతా పొడి, కాడలు.
"ఫొటోకి అందగాళ్ళని ముందు వరసలో నిలబెట్టారు."

సూది గుచ్చింది,
నడినెత్తిన కాదు, పక్కనుంచి,
పనసతొనలు విప్పినంత ఓపికగా
పొర తర్వాత పొర.
ఇంట్లో నేను సుత్తి వాడిన సంగతి
చెప్పలేదు.

పారేస్తుందనుకున్నాను.
"తిట్టాలన్నా ముందు తాగాలిగా" అని
కుతకుతలాడే నీళ్ళు పోసింది.
మొదటి నీళ్ళు మనకి కాదు,
ఆకు నిద్ర లేవడానికి.
వాటిని మట్టికప్ప వీపు మీద వంపింది.
ఏళ్ళ తరబడి తాగి తాగి నిగనిగలాడుతోంది కప్ప,
ఈ వీధిలో దాన్ని మించిన టీ రసికుడు లేడు.
రెండో నీళ్ళు తాగాం.
ఇద్దరం ఒకేసారి కప్పలు కింద పెట్టాం.
కుక్క లేచి వెళ్ళిపోయింది.

అప్పుడు తీసింది అటక మీంచి
తెల్ల కాగితం చుట్టిన బిళ్ళ. పెన్సిల్‌తో ఏడాది,
కొండ పేరు, ఆకు కోసిన తమ్ముడి పేరు. అంతే.
పచ్చి రకం, పదకొండేళ్ళుగా
తనంతట తాను ముదురుతోంది.
"నువ్వే పొయ్యి" అంది.
నూడుల్స్ లెక్కలో మూడు నిమిషాలు ఉంచాను.
ఇంజన్ ఆయిలు వచ్చింది.
మాట అనకుండా అదీ తాగి,
"ఊపిరి తీసుకో, వదులు, వంచు.
టీకి అంతకన్నా గడియారం అక్కర్లేదు" అంది.

ఈసారి పలుచటి బంగారం.
చేదు! మొహం చిట్లించాను.
"మాట్లాడకు. ఆగు."
ఆగాను. రేకుల కప్పు మీద వాన మొదలైంది.
ఎక్కడో గొంతు అడుగున
ఎవరో తలుపు తీసినట్టు
తీపి.
"ఉసిరికాయ కొరికి నీళ్ళు తాగలేదా ఎప్పుడూ?"
తాగాను. మా సందు చివర ఉప్పూకారం అద్ది అమ్ముతారు.
ఇన్నాళ్ళూ కారం కోసమే కొన్నాను.

పన్నెండు సార్లు పోశాం.
చివరికి తడి ఆకుని నా అరచేతిలో పరిచింది,
రంపపు అంచులతో సహా చెక్కుచెదరని ఆకు,
లాగితే సాగుతోంది, చిరగదు.
నా బిళ్ళ ఆకు వేళ్ళ మధ్య బూడిదైంది.

బిళ్ళ మొత్తం కొంటానన్నాను. అమ్మలేదు.
"అగ్గిపెట్టెడు పట్టుకెళ్ళు. నెల తాగు.
నోరు ఒప్పుకుంటే రా. పర్సు మాట వినకు."
ఇంకో మాట: టీ పక్కవాళ్ళ వాసన పీల్చుకుంటుంది,
వంటింట్లో పెట్టొద్దు.

నా బతుకంతా వంటింట్లోనే.
అందుకే పొట్లాన్ని పక్క గదిలో దాచాను,
దర్జీ పని చేసే లూ షూయిన్ బట్టల బీరువాలో.
రోజూ రాత్రి దుకాణం మూసి
చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని
ఆమె తలుపు కొడతాను.
మొదట టీ కోసం.

ఎనిమిదొందల బిళ్ళతో గుడ్లు ఉడకబెడుతున్నాను.
తినేవాళ్ళు బాగున్నాయంటున్నారు.
బంగారు కాగితం వెనక షూయిన్
ఎవరిదో కాలరు కొలత రాసుకుంది.